మడత పెట్టింది ఎవరు?

మా ఇంట్లో పట్టుచీరలకి ఏడాదికి రెండుసార్లు మడతలు మారుస్తాను. సంక్రాంతికి ఒకసారి, శ్రావణమాసం ముందు ఒకసారి. పెళ్లయి ఒమన్ వచ్చేటప్పుడు పెట్టె సర్దుతూ అమ్మ చెప్పిన మాట అది. "కట్టుకోకపోయినా పర్లేదు, మడత మాత్రం మారుస్తూ ఉండు. ఒకే మడత మీద ఉంచితే అక్కడే చిరుగుతుంది."

ఈ సంక్రాంతికి ఇబ్రిలో మా హాలునిండా చీరలు పరుచుకుని కూర్చున్నాను. మావారు వచ్చి చేతిలో ఒక కవరు పెట్టారు. నా 36వ పుట్టినరోజు కానుకట. విప్పి చూస్తే దుబాయ్‌లో టాండెమ్ స్కైడైవ్‌కి బుకింగ్ కాగితం.

టాండెమ్ అంటే తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. మనకేమీ రానక్కర్లేదు. శిక్షకుడి ఛాతీకి మన వీపు ఆనేటట్టు పట్టీలతో బిగిస్తారు. విమానంలో సుమారు 13 వేల అడుగుల ఎత్తుకి తీసుకెళ్లి, ఇద్దరూ కలిసి దూకుతారు. దాదాపు నిమిషంపాటు గంటకి 200 కిలోమీటర్ల వేగంతో కిందికి పడతాం. ఆ తర్వాత పారాచూట్ తెరుచుకుంటుంది. తెరుచుకోవాలి.

"ఇదేంటండీ, ఇద్దరు పిల్లల తల్లిని!" అన్నాను. "పెళ్లిచూపుల్లో నువ్వే కదా చెప్పావు, ఆగ్రా కథ" అన్నారాయన.

ఆ కథ మీకూ చెప్పాలి. తెనాలిలో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నప్పుడు ఎన్‌సీసీలో ఉండేదాన్ని. ఎంపికైన క్యాడెట్లని ఆగ్రాలోని పారాట్రూపర్స్ ట్రైనింగ్ స్కూల్‌కి పంపి పారాచూట్‌తో దూకడం నేర్పిస్తారు, ఆడపిల్లల్ని కూడా. నా పేరు పరిశీలనకి వెళ్లింది. తల్లిదండ్రుల సంతకం కావాలన్నారు. నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్. కాగితం ఒకసారి చూసి మడిచి నా చేతికిచ్చేశారు. "కాలో చెయ్యో విరిగితే నిన్నెవరు చేసుకుంటారమ్మా" అన్నారు. అంతే. అక్కడ ఎవరు నేర్పిస్తారు, ఎలా నేర్పిస్తారు అని ఆయన ఒక్క మాట అడగలేదు. నేనూ చెప్పలేదు, ఎందుకంటే నాకూ తెలియదు. పదహారేళ్లయినా ఆ కాగితం మడత నా మనసులో అలాగే ఉండిపోయింది.

కాబట్టి ఈసారి వద్దనాలని లేదు. అలాగని కళ్లు మూసుకుని సరే అనాలనీ లేదు. నాకు ఎత్తంటే భయం లేదు, భయమంతా ఆ సంచీ మీదే. నా చేతికి కూడా తగలని ఒక సంచీలో ఎవరో మడతపెట్టిన గుడ్డ మీద నా ప్రాణం ఆధారపడి ఉంటుంది. ఆ ఎవరో ఎవరు?

ఇంత అనుమానం ఎందుకంటే దానికో కారణం ఉంది. రెండేళ్ల కిందట జులైలో నిజ్వా నుంచి ఇబ్రి వస్తుంటే మా కారు టైరు పేలింది. వెనక సీట్లో పిల్లలిద్దరూ ఉన్నారు. ఆ దేవుడి దయవల్ల కారు రోడ్డు పక్క ఇసుకలోకి వెళ్లి ఆగింది. అప్పటికి ఆ టైర్లు వేయించి నాలుగు నెలలే. ఫోన్లో నాన్నకి చెబితే, టైరు పక్కగోడ మీద చివరి నాలుగు అంకెలు చదవమన్నారు. 2317. "2017లో 23వ వారంలో తయారైందమ్మా. మీకు కొత్తదని అమ్మింది ఆరేళ్లు షాపులో పడున్న టైరు. వాడకపోయినా రబ్బరు ముసలిదవుతుంది" అన్నారు. టైర్లు వేయించిన రోజు నేను అక్కడే ఉన్నాను. అంకెలు చూడాలని తెలియదు. అడగాలనీ తోచలేదు.

అందుకే ఈసారి దూకే ముందు చదువుకున్నాను. పిల్లలు పడుకున్నాక మూడు వారాలు అదే పని. చదివేకొద్దీ అది ఎక్కడో ఆకాశం సంగతిలా కాక మన బీరువా, మన కుట్టుమిషను సంగతిలా అనిపించింది. మీకూ అనిపిస్తుందేమో చూడండి.

స్కైడైవింగ్ సంచీలో ఒకటి కాదు, రెండు పారాచూట్లు ఉంటాయి. రోజూ వాడేది మెయిన్, అది పనిచేయకపోతే ఆదుకునేది రిజర్వ్. మెయిన్‌ని ప్రతి జంప్ తర్వాత మళ్లీ మడతపెడతారు. చేయి తిరిగినవాళ్లకి పావుగంట పని. రిజర్వ్ అలా కాదు. దాన్ని లైసెన్సు ఉన్న మనిషే మడతపెట్టాలి. ఆ మనిషిని రిగ్గర్ అంటారు. అమెరికా నిబంధన ప్రకారం రిజర్వ్ ఒక్కసారి కూడా వాడకపోయినా 180 రోజులకోసారి విప్పి, గుడ్డనీ తాళ్లనీ కుట్లనీ అంగుళం అంగుళం చూసి, మళ్లీ మడతపెట్టాలి. 2008 దాకా ఆ గడువు 120 రోజులే ఉండేది.

180 రోజులు! అంటే ఏడాదికి రెండుసార్లు. చదవగానే పక్కనున్న పట్టుచీరల వైపు చూసి నవ్వుకున్నాను. అమ్మకి ఈ నిబంధన ఎవరు చెప్పారో!

పట్టుకీ దీనికీ చుట్టరికం కూడా ఉంది. తొలినాళ్ల పారాచూట్లు పట్టుతోనే కుట్టేవారు. పారాచూట్ వల్ల ప్రాణం దక్కినవాళ్ల కోసం 1922లో అమెరికాలో మొదలైన సంఘానికి గొంగళిపురుగు పేరే పెట్టుకున్నారు. అందులో చేరినవాళ్లకి చిన్న బంగారు పట్టుపురుగు బొమ్మ పిన్ను ఇచ్చేవారు. రెండో ప్రపంచయుద్ధంలో పట్టు దొరక్క నైలాన్ వచ్చింది. ఆ యుద్ధకాలంలో బ్రిటన్ వాయుసేనలో పారాచూట్లు పొడవాటి బల్లల మీద పరిచి మడతపెట్టినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. వాళ్ల పేర్లు ఏ విజయస్తంభం మీదా కనిపించవు గానీ, వాళ్ల మడతల మీద ఎంతమంది క్షేమంగా నేలకి దిగారో.

ఇక నైలాన్ దగ్గరికి వస్తే నా బీఎస్సీ కెమిస్ట్రీ కొంచెం పనికొచ్చింది. నైలాన్‌కి ఇద్దరు శత్రువులు, ఎండ ఒకటి, ఆమ్లం ఒకటి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు నైలాన్ గొలుసుల్ని మెల్లమెల్లగా తెంచుతాయి. ఇబ్రి ఎండలో డాబా మీద ప్లాస్టిక్ తాడుకి బట్టలు ఆరేసే మనకి ఇది కొత్తగా చెప్పాలా? ఏడాదికల్లా ఆ తాడు చేతిలో పొడిపొడి అవుతుంది. ఆమ్లం ఇంకా చెడ్డది. అందుకే పారాచూట్ సంచీని కారు బ్యాటరీ దగ్గర పెట్టొద్దంటారు.

1980ల్లో అమెరికాలో ఒక విచిత్రం జరిగింది. కొన్ని గుండ్రటి రిజర్వ్ పారాచూట్లలో, ఎప్పుడూ వాడకుండా భద్రంగా ఉంచినవాటిలో కూడా, గుడ్డ బలం తగ్గిపోతోంది. కారణం వెతికితే, వాటిలో వాడిన వలగుడ్డలో ఆమ్లగుణం ఉందనీ, దానికి తగిలి ఉన్న నైలాన్ నీరసించిపోతోందనీ తేలింది. దాన్ని రిగ్గర్లు ఎలా పట్టుకున్నారో తెలుసా? బ్రోమోక్రెసాల్ గ్రీన్! మా కాలేజీ ల్యాబ్‌లో డ్రాపర్‌తో చుక్కలు వేసిన అదే సూచిక. వలమీద చుక్క వేస్తే నీలంగా ఉంటే ఫర్వాలేదు, పసుపు రంగుకి తిరిగితే ఆమ్లం ఉన్నట్టు. తర్వాత గుడ్డని క్లిప్పులతో పట్టుకుని కొలిచినంత బలంతో లాగి చూసేవారు. పట్టా అందుకున్న ఇన్నేళ్లకి ఆ సీసా ఇలా మళ్లీ నా ఎదురుపడింది.

తాళ్ల సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. పారాచూట్ ఒక్కసారిగా ఫట్‌మని తెరుచుకుంటే మన ఎముకలు తట్టుకోలేవు. అందుకని స్లైడర్ అనే చిన్న చదరపు గుడ్డ తాళ్ల వెంట కిందికి జారుతూ, తెరుచుకోవడాన్ని నిదానం చేస్తుంది. అది జారినప్పుడల్లా పుట్టే రాపిడి వేడికి కొన్ని రకాల తాళ్లు కొంచెం కొంచెం కుంచించుకుపోతాయి. అన్నీ సమంగా కుంచించుకుపోతే గొడవ లేదు, కొన్ని ఎక్కువ, కొన్ని తక్కువ. ఉతికాక అంచు ముడుచుకుపోయిన చీరకి కుచ్చిళ్లు సమంగా వస్తాయా? పారాచూట్ కూడా అంతే, ఒక పక్కకి లాగుతుంది. అందుకే కొన్ని వందల జంప్‌ల తర్వాత తాళ్లు కొలిచి మొత్తం మార్చేస్తారు.

ఇంకా ఒక చిన్న యంత్రం ఉంటుంది. ఏదైనా జరిగి మనుషులు పారాచూట్ తెరవలేకపోతే, ఎత్తునీ వేగాన్నీ లెక్కగట్టి, రిజర్వ్‌ని మూసి ఉంచే తాడుముక్కని అదే కోసేస్తుంది. ఇప్పుడు వాడుతున్న ఇలాంటి ఎలక్ట్రానిక్ యంత్రాల్లో బాగా పేరున్న సైప్రెస్ 1991లో జర్మనీ నుంచి వచ్చింది. దానికీ ఆయుష్షు రాసి ఉంటుంది. గడువు దాటితే బాగానే పనిచేస్తున్నా పక్కన పెట్టేయాల్సిందే. నా టైరు గుర్తొచ్చింది. కొత్తగా కనబడటం వేరు, కొత్తది కావడం వేరు.

ఇవన్నీ చూశానని రిగ్గర్ ఒక చిన్న కార్డు మీద తేదీ వేసి, పేరూ లైసెన్సు నంబరూ రాసి సంతకం చేస్తారు. రిజర్వ్‌కి దారం కట్టి, తన గుర్తుతో సీసపు ముద్ర వేస్తారు. ఆ కార్డు సంచీలోనే ఒక జేబులో ఉంటుంది. అమెరికా సైన్యంలోనైతే పారాచూట్లు మడతపెట్టే రిగ్గర్లు తామూ దూకడం నేర్చినవాళ్లే అయి ఉండాలి. తను మడతపెట్టిన దానితో తననే దూకమన్నా వెనకాడకూడదు. వంట చేసినావిడ ముందు తను రుచి చూసి పెట్టడం లాంటిదే ఇది.

సంచీ సరే. మరి నన్ను తన ఛాతీకి కట్టుకునే మనిషి?

అమెరికా పారాచూట్ సంఘం పెట్టిన లెక్క ఇలా ఉంది. మొదటి మెట్టు కోచ్. దానికి కనీసం 100 జంప్‌లు, ఒక కోర్సు. అయినా కోచ్ కొత్తవాళ్లని కట్టుకుని దూకకూడదు. టాండెమ్ శిక్షకుడు కావాలంటే ఈ రంగంలో మూడేళ్ల అనుభవం, కనీసం 500 జంప్‌లు, అన్నిటికన్నా పై స్థాయి లైసెన్సు, డాక్టరు సర్టిఫికెట్ ఉండాలి. ఆపైన పరీక్షకుడి దగ్గర టాండెమ్ కోర్సు చేసి నెగ్గాలి. దూకడం వచ్చినంత మాత్రాన దూకించడం రాదన్నమాట. పాట బాగా పాడేవాళ్లంతా పిల్లలకి సరళీ స్వరాలు చెప్పలేనట్టే.

ఈ నియమాలు కాగితం మీద ఉంటే చాలదని చెప్పే సంఘటన ఒకటి చదివి ఆ రాత్రి నిద్రపోలేదు. 2016 ఆగస్టులో కాలిఫోర్నియాలోని లోడై దగ్గర ఒక 18 ఏళ్ల కుర్రాడు మొదటిసారి టాండెమ్ జంప్ చేశాడు. శిక్షకుడి వయసు 25. పారాచూట్ సరిగ్గా తెరుచుకోలేదు. ఇద్దరూ చనిపోయారు. తర్వాత విచారణలో ఆ శిక్షకుడికి సరైన అర్హతే లేదని బయటపడింది. అతనికి శిక్షణ ఇచ్చిన వ్యక్తికి శిక్షకుల్ని తయారుచేసే అధికారం అప్పటికే సస్పెండ్ అయి ఉంది. అయినా ఇంకో పరీక్షకుడి సంతకం ఉన్న ఫారాలు వాడుకుంటూ కోర్సులు నడిపాడు. 2024లో కోర్టు అతన్ని మోసం కేసులో దోషిగా తేల్చి, రెండేళ్ల జైలుశిక్ష వేసింది.

ఆ యువ శిక్షకుడికి కూడా తన సర్టిఫికెట్ మీది సంతకం చెల్లదని తెలుసో లేదో. నేర్చుకోవడానికి డబ్బు కట్టాడు, నేర్చుకున్నాననుకున్నాడు. ఆ ఇద్దరి తల్లుల గురించే ఆలోచిస్తూ పడుకున్నాను. మా నాన్న సంతకం పెట్టని కాగితమూ, లోడైలో ఎరువు తెచ్చుకున్న సంతకంతో నడిచిన కాగితమూ కళ్లముందు పక్కపక్కనే కనబడ్డాయి. ఒకరు అడగకుండా వద్దన్నారు. ఇంకొకచోట అడగకుండా సరే అన్నారు.

అలాగని ఇదంతా ప్రాణాంతకమని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. 1970ల్లో అమెరికాలో స్కైడైవింగ్‌లో ఏడాదికి సగటున 40 మందికి పైగా చనిపోయేవారు. 2023లో సుమారు 36 లక్షల జంప్‌లు జరిగితే 10 మంది చనిపోయారు. మనుషులు ధైర్యవంతులైపోయి తగ్గిన లెక్క కాదిది. కార్డు మీద తేదీ వేసేవాళ్లూ, తాళ్లు కొలిచేవాళ్లూ, అర్హత లేనివాణ్ణి ఆపేవాళ్లూ పెరగడం వల్ల తగ్గింది.

మన శ్రీహరికోటలో కూడా ఇదే చూశాం. 2023 అక్టోబర్ 21న గగన్‌యాన్ కోసం ఇస్రో చేసిన పరీక్ష మీలో చాలామంది టీవీలో చూసే ఉంటారు. లెక్క అయిదు సెకన్ల దగ్గరికి వచ్చాక కంప్యూటర్ ఆపేసింది. ఏమైందో చూసి, సరిచేసుకుని, పది గంటలకి మళ్లీ పంపారు. క్యాప్సూల్ పారాచూట్లతో సముద్రంలో చక్కగా దిగింది. మనుషులు వెళ్లే ఆ క్యాప్సూల్‌కి మొత్తం పది పారాచూట్లు. పెద్దవి మూడుంటే, రెండు తెరుచుకున్నా చాలేలా తయారుచేశారు. ఆగ్రాలోని డీఆర్‌డీవో సంస్థ వాటి తయారీలో ఉంది. నేను వెళ్లలేకపోయిన ఆగ్రా!

సరే, అసలు రోజుకి వద్దాం. ఓ శనివారం తెల్లవారకముందే పులిహోర, పెరుగన్నం డబ్బాలతో బయల్దేరి, సరిహద్దు దాటి, అల్ ఐన్ మీదుగా దుబాయ్ చేరాం. అక్కడ ఫారం నింపమన్నారు. నింపే ముందు నేను చీటీ తీశాను. మావారు మెల్లగా అటు తిరిగి నిలబడ్డారు. మా అమ్మాయి "అమ్మా, ప్లీజ్" అంది. షాపులో కొత్తిమీర కొసరడిగితే పెట్టే ముఖమే అది.

అడిగాను. రిజర్వ్ చివరిసారి ఎప్పుడు మడతపెట్టారు? కార్డు చూడొచ్చా? నాతో దూకేవారికి టాండెమ్ రేటింగ్ ఎవరిచ్చారు, ఈ ఏడాదికి చెల్లుతుందా? ఆ ఆటోమేటిక్ యంత్రం గడువు ఎప్పటిదాకా?

చిరాకు పడతారేమో అనుకున్నాను. శిక్షకుడు నవ్వుతూ తన కార్డు తీసి చూపించాడు. సంచీ తెచ్చి, జేబులోంచి మడత తేదీ ఉన్న కార్డు తీసి నా చేతిలో పెట్టాడు. రెండు నెలల కిందటి తేదీ, కింద సంతకం. ఎర్రదారం, ముద్ర చూపించాడు. తర్వాత పారాచూట్లు మడిచే హాలు కూడా చూడమన్నాడు. నేలంతా తివాచీ. ఒకమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని, పరిచిన గుడ్డలోంచి గాలి పోయేలా రెండు చేతులతో అదుముతోంది. తాళ్లు ఒక్కొక్కటీ వేళ్లతో సర్దుతోంది. నేను చీర మడిచేటప్పుడు అంచుకి అంచు కలిపి చూసే చూపే ఆమె కళ్లలోనూ ఉంది. తలెత్తి నన్ను చూసి నవ్వింది. నేనూ నవ్వాను. నా భయం అక్కడే సగం దిగిపోయింది.

హార్నెస్ బిగించారు. కాళ్లు ఎలా ఎత్తాలి, తల ఎలా ఉంచాలి అన్నీ నా చేత చేయించి చూశాడు, ఒకసారి కాదు, మూడుసార్లు. ఇంక విమానం ఎక్కడమే అనుకుంటుండగా గాలి మొదలైంది. గంటసేపు ఆగాం. ఆఖరికి ఆ శిక్షకుడే వచ్చి "ఈరోజు వద్దు. మొదటిసారి దూకేవాళ్లతో ఈ గాలిలో నేను వెళ్లను" అన్నాడు. మరో తేదీ ఇస్తామన్నారు.

మావారి ముఖం చిన్నబోయింది. అంతదూరం వచ్చాం కదా మరి. పిల్లలు పార్కింగ్‌లోనే పులిహోర డబ్బా మూత తీశారు. నాకు మాత్రం ఎందుకో బాధ అనిపించలేదు. వద్దని చెప్పగలిగిన మనిషి ఛాతీకి నన్ను కట్టుకుంటాడని తెలిసింది.

దారిలో నాన్నకి ఫోన్ చేశాను. ఆయన రిటైరై ఆరేళ్లయింది. ఈ సంగతి ముందే చెబితే ఏమంటారోనని చెప్పలేదు. ఇప్పుడు మొత్తం చెప్పాను, కార్డూ, సంతకం, దారం, గాలి. మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు. చివరికి "మడిచినవాళ్ల సంతకం నువ్వే చూశావా?" అని అడిగారు. చూశానన్నాను.

"డిపోలో బ్రేకు సరిగ్గా లేదని బస్సు ఆపేస్తే డ్రైవర్లూ ప్రయాణికులూ నన్ను తిట్టేవాళ్లమ్మా" అన్నారు. కాసేపాగి, "వద్దని వెనక్కి పంపించారంటే వాళ్లు పని తెలిసినవాళ్లే. మళ్లీ ఎప్పుడు వెళ్తున్నావు?"

వచ్చే నెల రెండో శనివారం. ఎలా జరిగిందో చెబుతాను. ఈలోగా మీరూ మీ కారు టైర్ల మీది చివరి నాలుగు అంకెలు చూడండి. బీరువాలో పట్టుచీరల మడతలు మార్చి ఎన్నాళ్లయిందో కూడా.